వియత్నాంలో మోటారు సైకిల్ నెగ్గింది, కారు చతికిలబడింది

వియత్నాం పారిశ్రామిక విధానం గురించి రాసేవాళ్లు మార్కెట్‌కు తలుపులు తెరిచిన 1986 దోయ్ మోయ్ సంస్కరణల దగ్గర ఎత్తుకుని నేరుగా శాంసంగ్ దగ్గరికి దూకేస్తారు. అసలు సరుకంతా మధ్యలో ఉంది. 1990ల్లో అక్కడి ప్రభుత్వం కార్లకూ మోటారు సైకిళ్లకూ ఒకే మందు వేసింది: దిగుమతుల మీద భారీ సుంకం, విదేశీ కంపెనీలకు లైసెన్సు, విడిభాగాలు దేశంలోనే చేయించాలన్న షరతు. మోటారు సైకిళ్లలో స్థానిక విడిభాగాల వాటా 90 శాతం దాటింది. కార్లలో 2010కల్లా 60 శాతం అనుకున్నది పదోవంతు దగ్గరే ఆగిపోయింది.

ఎందుకో తెలియాలంటే చిన్న లెక్క వేయాలి. కారు తలుపు రేకు ఒత్తే డై (ఉక్కు అచ్చు) ఖరీదు కోటి రూపాయలు, అయిదేళ్లు పనిచేస్తుంది అనుకుందాం. ఏడాదికి 2,000 కార్లు తీస్తే ఒక్కో రేకు మీద డై ఖర్చే 1,000 రూపాయలు పడుతుంది. 2 లక్షలు తీస్తే 10 రూపాయలే. 2000 ప్రాంతంలో వియత్నాంలో ఏడాదికి అమ్ముడైన కార్లు 20 వేల లోపే. వాటిని పంచుకోవడానికి పదికి పైగా జాయింట్ వెంచర్లు, ఒక్కోదానికీ రెండు మూడు మోడళ్లు. అలాంటిచోట ఎవరు డై చేయిస్తారు? విడిభాగాల కిట్లు బయటి నుంచి తెచ్చి బిగించి, సుంకం గోడ చాటున ఎక్కువ ధరకు అమ్ముకోవడమే లాభం. నా దృష్టిలో ఇక్కడ తప్పు సుంకానిది కాదు, లెక్క చూడకుండా పంచిన లైసెన్సులది. 2018లో ఆసియాన్ (ఆగ్నేయాసియా కూటమి) దేశాల కార్ల మీద సుంకం సున్నా అయ్యేసరికి థాయిలాండ్, ఇండోనేషియా బళ్లు దిగిపోయాయి.

మోటారు సైకిళ్లకు ఏడాదికి ఇంచుమించు 20 లక్షల బళ్ల గిరాకీ ఉండేది, పెద్ద తయారీదారులు నలుగురైదుగురే. పైగా 2000-01లో చైనా కిట్లు జపాన్ బళ్ల ధరలో మూడోవంతుకే వచ్చిపడ్డాయి. హోండా దిగిరాక తప్పలేదు. 2002లో వేవ్ ఆల్ఫా అనే బండిని చౌకగా దింపి, ధర తగ్గించడానికి స్థానిక సరఫరాదారులను వెతుక్కుంది. పోటీ చేసిన ఆ పని షరతు ఒక్కటే ఉంటే జరిగేది కాదు. షరతును మాత్రమే నమ్ముకున్న అసెంబ్లర్లలో చాలామంది స్థానిక వాటాను కాగితాల మీదే చూపించారు. అదే ఏడాది ప్రభుత్వం విడిభాగాల దిగుమతికి హఠాత్తుగా కోటా పెట్టడంతో హోండా కర్మాగారమే కొన్నాళ్లు ఆగింది. షరతులు మార్చేముందు గడువివ్వకపోతే నిజాయితీగా పెట్టుబడి పెట్టినవాడే ముందు దెబ్బతింటాడు.

ఓడలు కట్టే ప్రభుత్వ సంస్థ వినాషిన్‌ది ఇంకో రోగం. 2005లో ప్రభుత్వం బాండ్లు అమ్మి తెచ్చిన 75 కోట్ల డాలర్లు మొత్తం దాని చేతిలో పెట్టింది. ఎన్ని ఓడలు గడువులోపు అప్పగిస్తే తరువాతి వాయిదా అన్న కట్టుబాటు లేదు. డబ్బు ఓడలతో సంబంధంలేని అనుబంధ సంస్థల్లోకి పారింది. 2010కల్లా అప్పు 400 కోట్ల డాలర్లు దాటి, వాయిదా ఎగ్గొట్టింది.

హనోయ్ పక్కనున్న బాక్ నిన్‌లో ఫోన్ల కర్మాగారానికి 2008లో లైసెన్సు పొందిన శాంసంగ్‌కు అమ్మకాల కొరత లేదు. అయినా సరఫరాదారుల్లో ఎక్కువమంది కొరియా నుంచి వెంట వచ్చినవాళ్లే. ఎగుమతి సరుకుకు వాడే భాగాలు సుంకం లేకుండా దిగుతాయి, ఫోన్ మోడల్ ఏడాదికోసారి మారుతుంది, ఆ వేగంతో అచ్చులు చేసే షాపులు ఊళ్లో లేవు. పన్ను రాయితీ పెట్టుబడి పరిమాణం చూసి ఇచ్చారే తప్ప, స్థానిక షాపులకు పని నేర్పడానికి ముడిపెట్టలేదు. పెద్ద బహుళజాతి కంపెనీలు కనీసం 15 శాతం పన్ను కట్టాలన్న నిబంధన 2024 నుంచి వచ్చాక ఆ రాయితీకి పదును పోయింది. బదులుగా పెట్టిన పెట్టుబడి సహాయ నిధి శిక్షణ ఖర్చులో కొంత భరిస్తానంటోంది. ఆ శిక్షణ కంపెనీ గేటు లోపలి వాళ్లకేనా, బయటి డై షాపుల వాళ్లకు కూడానా అన్నది చూడాలి.