యూరియా చల్లిన మర్నాడు

వరి పొలంలో గ్యాసులు కొలిచిన మొదటి యాసంగి డేటా చూసి ఎగిరి గంతేశా, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. మీథేన్ బాగా తగ్గింది, నైట్రస్ ఆక్సైడ్ పెద్దగా పెరగలేదు, ఇంకేం కావాలి, థీసిస్ సగం అయిపోయినట్టే అనుకుని హాస్టల్లో అందరికీ చాయ్ కూడా తాగించా. తర్వాత తెలిసిందేంటంటే అది పెరగకపోవడం కాదు, పెరిగిన రోజుల్లో నేను పొలంలో లేను.

మొదట్నుంచి చెప్తా. నా పీహెచ్‌డీ వరి పొలం మట్టిలోంచి వచ్చే గ్యాసుల మీద. మడిలో నీళ్లు ఎప్పుడూ నిలబడి ఉంటే మట్టికి గాలాడదు, అలాంటి చోట బతికే సూక్ష్మజీవులు లోపల కుళ్లే కొయ్యకాళ్లు, పేడ వీటి నుంచి మీథేన్ తయారు చేస్తాయి. అది బుడగలుగా వచ్చేది తక్కువ, ఎక్కువ భాగం వరి మొక్కలోంచే పైకొస్తుంది. వేర్లకి ఆక్సిజన్ పంపుకోవడానికి మొక్క తన కాడలో గాలి గొట్టాలు పెట్టుకుంటే, ఈ గ్యాసు అదే దారిలో ఎదురొచ్చి బయటపడుతుందన్నమాట. భూమిని వేడెక్కించడంలో, వందేళ్ల లెక్కలో కేజీ మీథేన్ 27, 28 కేజీల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం.

దీనికి చెప్పే మందు తడి-పొడి పద్ధతి, అంటే మడిని మధ్యమధ్యలో ఆరబెట్టి మళ్లీ నీళ్లు పెట్టడం. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ, ఇర్రి వాళ్లు దీనికోసం ఒక పైపు పెట్టమంటారు, 30 సెంటీమీటర్ల ప్లాస్టిక్ పైపు, కింది భాగంలో బొక్కలు, ఆ బొక్కలున్న భాగం మట్టిలోకి దింపాలి. లోపల చూస్తే నీళ్లు ఎంత లోతులో ఉన్నాయో తెలుస్తుంది, మట్టి కింద 15 సెంటీమీటర్లకి దిగాకే మళ్లీ తడి పెట్టాలి, పూత టైంలో మాత్రం ఆరనివ్వకూడదు. ఇలా పలుమార్లు ఆరబెడితే మీథేన్ దాదాపు సగానికి పడిపోతుందని ఐక్యరాజ్యసమితి వాతావరణ మార్పుల నిపుణుల సంఘం ఐపీసీసీ లెక్క.

అసలు కథ ఇక్కడే. ఆరిన మట్టికి గాలి తగలగానే యూరియాలోని నత్రజని నైట్రేట్‌గా మారడం మొదలవుతుంది, మళ్లీ తడి పెట్టగానే ఇంకో రకం సూక్ష్మజీవులు ఆ నైట్రేట్ మీద పడి మధ్యలో నైట్రస్ ఆక్సైడ్ వదిలేస్తాయి. ఇది కేజీకి 273 కేజీల కార్బన్ డయాక్సైడ్! మన దగ్గర 2015 నుంచి యూరియా అంతా వేపపూతదే కదా అంటారేమో, వేప ఆ మార్పుని కొంచెం నెమ్మది చేస్తుంది, ఆపదు. 2018లో దక్షిణ భారతంలోని వరి పొలాల్లో కొలిచిన ఒక పేపర్ వచ్చింది, అందులో హెక్టారుకి ఒక సీజన్లో 33 కేజీల నైట్రస్ ఆక్సైడ్ దాకా ఉంది. 273తో గుణించి చూడండి, తొమ్మిది టన్నులు. నేను ఆ పేపర్ చదివి కూడా వారానికోసారే శాంపిల్ తీశా, అదీ నా తెలివి.

శాంపిల్ అంటే పెద్ద సైన్స్ ఏం కాదు. నాలుగు దుబ్బుల మీద అక్రిలిక్ డబ్బా బోర్లించి, లోపల చిన్న ఫ్యాన్ తిప్పుతూ, సున్నా, పదిహేను, ముప్పై నిమిషాలకి సిరంజితో గాలి లాగి వయల్స్‌లో, అంటే చిన్న సీసాల్లో ఎక్కించాలి, పొద్దున తొమ్మిది నుంచి పదకొండు లోపల. నడవడానికి చెక్కలు వేసుకోవాలి, కాలు జారి బురదలో పడిందా, బుడగలన్నీ ఒకేసారి లేచి ఆ రీడింగ్ గంగలో కలిసినట్టే. నేను ప్రతి మంగళవారం వెళ్లేదాన్ని. ఫామ్‌లో యూరియా చల్లింది బుధవారం, తడి పెట్టింది గురువారం. పీక్ మూడు నాలుగు రోజుల్లో వచ్చి పోయింది, నేను మళ్లీ మంగళవారం వెళ్లి ప్రశాంతంగా ఉన్న మట్టిని కొలిచి సంబరపడ్డా.

రెండో ఏడాది యూరియా వేసిన దగ్గర్నుంచి వారం రోజులు రోజూ తీశా. గ్రాఫ్‌లో నిటారుగా లేచిన గీత చూసి నిద్ర పట్టలేదు. దానికి తోడు ల్యాబ్‌లో నైట్రస్ ఆక్సైడ్ చదివే డిటెక్టర్ మూలపడి వయల్స్ అన్నీ లైన్లో ఉండిపోయాయి, కొన్ని లీకయ్యాయి కూడా, ఆ ఏడుపు ఇంకోసారి.

కానీ కొలవాల్సిందే. 1990లో అమెరికా పర్యావరణ సంస్థ మన దేశపు వరి పొలాల నుంచి ఏటా 3.78 కోట్ల టన్నుల మీథేన్ వస్తుందని అంచనా కట్టింది. మరుసటేడాది ఢిల్లీ నేషనల్ ఫిజికల్ లాబొరేటరీ నుంచి ఏ.పి. మిత్ర గారి బృందం దేశమంతా మడుల్లో దిగి కొలిస్తే తేలింది 40 లక్షల టన్నులు. దూరం నుంచి వేసిన లెక్కకీ మడిలో దిగి తీసిన లెక్కకీ అంత తేడా.

ఇప్పుడు మూడో సీజన్‌కి నేను చూస్తున్నది ఒక్కటే, యూరియా వేశాక నాలుగైదు రోజులు నీళ్లు ఆరనివ్వకుండా ఉంచి, మొక్క తాగేశాక అప్పుడు ఆరబెడితే ఏమవుతుందో అని. నీళ్ల క్యాలెండర్, యూరియా క్యాలెండర్ కలిపి రాసుకోవాలి, అంతే నా థీసిస్. ఇంటికెళ్లి నాయినకి చెప్తే మొత్తం విని, "నీళ్లు తీస్తే కలుపు లేస్తది బిడ్డా, కూలీలకు ఎవలిస్తరు?" అన్నాడు. పైగా మాది బోరు, ఆటో స్టార్టర్ పెట్టి వదిలేస్తారు, కరెంటు ఉన్నంతసేపు పారుతూనే ఉంటుంది. సరే, యూరియా సంగతైనా విను నాయినా అన్నా. 2025 వానాకాలంలో యూరియా దొరక్క ఆయన తెల్లారకముందే పోయి లైన్లో చెప్పులు పెట్టొచ్చినోడు. "దొరికిన నాడు ఏస్తం. నువ్వు చెప్పిన నాడు ఏడికెళ్లి తేవాలె?"

దీనికి నా దగ్గర గ్రాఫ్ లేదు. గైడ్ గారికి చెప్తే, థీసిస్ పరిధిలోకి రాదు, చివర్లో ఒక పేరా రాయి అన్నారు. నాకైతే అదే మొదటి చాప్టర్ అవ్వాలనిపిస్తుంది.

వచ్చేముందు బతిమాలి మా మడి మూలకి ఒక పైపు దింపి వచ్చా. మొన్న నాయిన ఫోన్ చేశాడు, నీళ్లు ఎంత దిగాయో చెప్పడానికేమో అని గబగబా నోట్‌బుక్ తీశా. "పైపుల కప్ప పడ్డదే, తీయాల్నా, ఉండనియ్యాల్నా?"