చేత్తో చూసిన డాక్టరమ్మ

నా మెడలో బిళ్ళ కట్టిందని మొదట పసిగట్టింది గుంటూరు బ్రాడీపేటలో నాకు కటింగ్ చేసే అతను. 2025 ఫిబ్రవరి, ఆదివారం. జుట్టు కత్తిరించడం అయ్యాక మెడ పిసుకుతూ పిసుకుతూ ఆగాడు. “అన్నా, కుడి పక్కన ఏదో తగులుతోంది. ఎప్పట్నుంచి?” అన్నాడు. నొప్పి లేకపోవడంతో నాకు తెలియనే లేదు.

మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమస్తాగా చేస్తున్నాను. ఫిబ్రవరి వచ్చిందంటే మాకు ఊపిరి సలపదు. టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, తూకం వేయించి, చీటీలు రాసి, లెక్క తేల్చేసరికి రాత్రి తొమ్మిదవుతుంది. ఆ ఘాటులో దగ్గు, గొంతు మంట అందరికీ ఉండేవే. సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడుతున్నా, ప్యాంటు వదులవుతున్నా ఆ నెపం కూడా మిర్చి మీదే వేశాను.

ఒక ఆసుపత్రికి వెళితే కుర్చీలోంచి లేవకుండానే గొంతు ఇన్ఫెక్షన్ అని అయిదు రోజులకు మందులు రాశారు. తగ్గలేదు. ఇంకోచోట థైరాయిడ్ పరీక్ష చేయించి, రిపోర్టు నార్మల్ అని పంపేశారు. రెండు చోట్లా నా మెడ మీద ఒక్కరూ చెయ్యి వేయలేదు. నాకు ఇప్పటికీ మనసులో కలుక్కుమనేది అదే. ఈలోగా మా అత్తగారు చూసి, “ఇది గండమాలరా నాయనా” అన్నారు. పాతకాలం మాటలే అని వినలేదు. క్యాన్సరేమోనని మాత్రం ఎన్ని రాత్రులు నిద్ర లేకుండా గడిపానో.

మార్చి ఆఖర్లో మా ఓనరుగారు చెబితే అరండల్‌పేటలో ఒక పెద్దావిడ, డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. ఆమె రిపోర్టులు పక్కన పెట్టి, “ముందు చొక్కా విప్పి ఇలా స్టూలు మీద కూర్చో బాబూ” అన్నారు. కిటికీ వైపు తిప్పి, ఎదురుగా నిలబడి ఊరికే చూశారు. తర్వాత గ్లాసుతో నీళ్ళిచ్చి, “నోట్లో పెట్టుకో, నేను చెప్పినప్పుడు మింగు.” మింగాను. థైరాయిడ్ గడ్డయితే గుటకతో పాటు పైకి లేస్తుందట. నాది కదల్లేదు.

అప్పుడు నా వెనక్కి వచ్చారు. రెండు చేతుల వేళ్ళ మెత్తని భాగాలతో, రెండు పక్కలా ఒకేసారి, గడ్డం కింద మొదలుపెట్టారు. దవడ కింద, చెవి ముందు, చెవి వెనక, తల వెనక, అక్కణ్ణుంచి మెడ కండరం వెంట మెల్లగా కిందికి. వేళ్ళు చర్మం మీద జారడం లేదు, చర్మాన్నే కింద ఉన్నదాని మీద చిన్నగా తిప్పుతున్నాయి. “తల కొంచెం వంచి ఈ పక్కకి తిప్పు, కండరం వదులవుతుంది” అన్నారు. చివరికి కాలర్ ఎముక పైనున్న గుంటలో. నేను ఒకటే అనుకున్నది మూడున్నాయి. నా వేలు పట్టుకుని వాటి మీద పెట్టారు. పండిన చింతకాయలో గింజల్లా వరసగా, ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి.

అంతటితో వదల్లేదు. టార్చి వేసి పళ్ళు, నాలుక కింద, టాన్సిల్స్ చూశారు. జుట్టు పాయలు తీసి తల మీద పుండ్లేమైనా ఉన్నాయా అని వెతికారు. తలలో, నోట్లో ఎక్కడ ఇన్ఫెక్షన్ ఉన్నా మెడలో బిళ్ళలు కడతాయట. చంకలు కూడా తడిమారు. పది నిమిషాలు పట్టిందేమో. “రాయిలా గట్టిగా లేవు. నొప్పి లేదు, అతుక్కుని ఉన్నాయి. నాకు టీబీ అనిపిస్తోంది. సూది పరీక్ష చేస్తే తేలిపోతుంది” అన్నారు. గండమాల మాట చెబితే, “మీ అత్తగారు సరిగ్గానే చెప్పారు, పూర్వం దీన్నే అలా అనేవాళ్ళు” అన్నారు. ఆ సాయంత్రం ఇంటికి రాగానే అత్తగారికి ఫోన్ చేసి తప్పయిందని చెప్పాను.

సూదితో తీసిన చీములో టీబీ బయటపడింది. టీబీ క్రిమిని జన్యువుల ద్వారా పట్టే సీబీనాట్ పరీక్షలో, టీబీకి ముఖ్యమైన మందు రిఫాంపిసిన్‌కి లొంగే రకమేనని కూడా తెలిసింది. ఛాతీ ఎక్స్‌రే శుభ్రంగా ఉంది. మెడ బిళ్ళలకే పరిమితమైన టీబీ గాలి ద్వారా ఇంకొకరికి అంటదని డాక్టరమ్మ మా ఆవిడని విడిగా కూర్చోబెట్టి చెప్పారు. కంచం, గ్లాసు వేరు చేయాలా అన్న ప్రశ్న మా ఇంట్లో ఆ రోజుతో పోయింది.

మందులు ప్రభుత్వమే ఉచితంగా ఇచ్చింది. నా బరువు 58 కిలోలు కాబట్టి రోజూ పరగడుపున నాలుగు మాత్రలు. మొదటి రెండు నెలలు నాలుగు మందులు కలిసినవి, తర్వాత నాలుగు నెలలు మూడు మందులవి. తిండి కోసం నెలకు 1000 రూపాయలు లెక్కన బ్యాంకులో పడింది, గుడ్లకీ పాలకీ వాడుకున్నాం. మూత్రం నారింజ రంగులోకి మారుతుందని ముందే చెప్పబట్టి సరిపోయింది, లేకపోతే హడలిపోయేవాణ్ణి.

హడలిపోయింది రెండో నెలలో. జ్వరం పోయింది, ఆకలి పుట్టింది, ఉన్నట్టుండి ఒక బిళ్ళ మాత్రం ఉబ్బింది. మందు పనిచేయడం లేదనుకుని చెమటలు పట్టి పరిగెత్తాను. డాక్టరమ్మ మళ్ళీ వెనక నిలబడి అదే వరసలో గడ్డం కింద నుంచి మొదలుపెట్టారు. చచ్చిన క్రిముల మీద ఒంట్లో శక్తి తిరగబడితే ఇలా ఉబ్బడం మామూలేనని, మాత్రలు ఒక్క రోజు కూడా ఆపొద్దని చెప్పారు. ఆపలేదు.

అక్టోబరు మొదట్లో కోర్సు అయిపోయింది. అప్పటికి 64 కిలోలున్నాను. చివరిసారి చూసినప్పుడు మెడలో కందిగింజంత ఒకటి మిగిలింది. “ఇది ఇలాగే ఉండిపోవచ్చు, భయం లేదు. పెరిగితే రా” అని, నా వేలు దాని మీద పెట్టి కొలత గుర్తు పెట్టుకోమన్నారు. ఆ ఆదివారం కటింగ్‌కి వెళితే ఆ కుర్రాడు అడక్కుండానే అక్కడే తడిమి చూసి, “తగ్గిందన్నా” అన్నాడు.