ఈస్ట్ లేక్‌లో ఎవరు బాగుపడ్డారు?

అట్లాంటాలో స్థిరపడిన మన తెలుగువాళ్లలో చాలామందికి ఈస్ట్ లేక్ అంటే ఏటా టూర్ ఛాంపియన్‌షిప్ జరిగే గోల్ఫ్ మైదానం. నేను మొదటిసారి అక్కడికి వెళ్లింది మాత్రం ఆట చూడటానికి కాదు, ఆ మైదానం పక్కనున్న అపార్టుమెంట్లను చూడటానికి. హైదరాబాదు మాసబ్ ట్యాంకులో ప్లానింగు చదువుకొని, ఈ దేశానికి వచ్చి, చితికిపోయిన పేటలకు పునరుద్ధరణ ప్రణాళికలు రాసే ఒక చిన్న సంస్థలో చేరిన కొత్తలో, ముందు ఈస్ట్ లేక్ చూసి రమ్మని మా పై అధికారి నన్ను పంపించారు. ఈ వృత్తిలో ఉన్నవాళ్లకు అది దాదాపు తీర్థయాత్ర. తిరిగి వచ్చి ఎంతో మెచ్చుకుంటూ నివేదిక రాశాను. ఇప్పుడు ఆ నివేదిక తీసి చదివితే అందులోని వాస్తవాలలో తప్పేమీ కనబడదు కానీ, వాటిని ఆధారం చేసుకొని నేను చేసిన నిర్ధారణను మాత్రం ఒప్పుకోలేకపోతున్నాను.

ఆ మైదానాన్ని మునుపు నడిపిన అట్లాంటా అథ్లెటిక్ క్లబ్బువారు అక్కడి తమ రెండో గోల్ఫ్ కోర్సును అమ్మివేయగా, ఆ నేల మీద 1970లో ఈస్ట్ లేక్ మెడోస్ అనే ప్రభుత్వ గృహసముదాయం 650 ఇళ్లతో వెలిసింది. కట్టుబడి నాసిరకం, నిర్వహణ అంతకన్నా నాసిరకం. నేరాల మూలంగా కొన్నేళ్లకే దానికి ‘లిటిల్ వియత్నాం’ అనే పేరు స్థిరపడిపోయింది. తరువాత ఆ పేట బాధ్యత తీసుకున్న ఈస్ట్ లేక్ ఫౌండేషన్ చెప్పే లెక్క ప్రకారం, 1995 నాటికి అక్కడి పెద్దవాళ్లలో ఉద్యోగం ఉన్నవారు నూటికి 13 మంది.

టామ్ కజిన్స్ అనే భవన నిర్మాణ వ్యాపారి 1993లో ఆ గోల్ఫ్ క్లబ్బును కొని, 1995లో ఫౌండేషన్ స్థాపించాడు. ప్రభుత్వ గృహాలను నడిపే నగర గృహ సంస్థకు అప్పుడు రెనీ గ్లోవర్ అధిపతి. అద్దెదారుల సంఘానికి ఎన్నో ఏళ్లుగా నాయకత్వం వహించిన ఈవా డేవిస్ మొదట్లో వీళ్లెవరినీ నమ్మలేదు. కాగితం మీద రాసి ఇవ్వనిదే ఏ మాటా మాట కాదని ఆమెకు అనుభవం నేర్పింది కాబట్టి, ఒక్కొక్క షరతు మీదా పట్టుబట్టి బేరమాడింది. చివరికి పాత ఇళ్లన్నీ కూల్చి, వాటి స్థానంలో 542 ఇళ్లు కట్టారు. అందులో సగం ప్రభుత్వ సహాయం పొందే కుటుంబాలకు, సగం బజారు ధరకు అద్దె కట్టగలిగినవారికి. 2000లో అట్లాంటా నగర పాఠశాలల వ్యవస్థలో మొట్టమొదటి చార్టర్ పాఠశాల (ప్రభుత్వ సొమ్ముతో నడుస్తూనే సొంత నిర్వహణ ఉండే బడి) అయిన డ్రూ అక్కడే మొదలైంది. వై.ఎం.సి.ఎ., పిల్లలు కూడా ఆడుకోగల చిన్న గోల్ఫ్ కోర్సు వచ్చాయి. ఇల్లు, చదువు, ఆరోగ్యం మూడింటినీ కలిపి ఒకే సంస్థ పట్టించుకోవాలన్నది ఆ నమూనాలోని అసలు విశేషం. దానిని ఇతర నగరాలకు తీసుకువెళ్లడానికి 2009లో కజిన్స్, వారెన్ బఫెట్, జూలియన్ రాబర్ట్‌సన్ కలిసి పర్పస్ బిల్ట్ కమ్యూనిటీస్ అనే సంస్థను పెట్టారు.

నేరాలు బాగా తగ్గాయి, పాఠశాల నిజంగానే మంచి పాఠశాల అయింది, సహాయం పొందే కుటుంబాలలో ఉద్యోగం చేసేవారి నిష్పత్తి ఎన్నో రెట్లు పెరిగింది. నేను నివేదికలో రాసుకున్నవి ఇవే. అయితే 650 ఇళ్లున్న చోట పేదలకు మిగిలినవి 271 అన్న సంగతిని నేను ఒక పట్టికలో వేసి ఊరుకున్నాను. కూల్చివేతకూ కొత్త ఇళ్ల పూర్తికీ మధ్య ఏళ్లు గడిచాయి. ఆ లోపల, బయట ఇల్లు అద్దెకు తీసుకోవడానికి ప్రభుత్వం ఇచ్చే అద్దె వోచర్లు పుచ్చుకొని ఊరంతా చెదిరిపోయిన పాత కుటుంబాలలో తిరిగి వచ్చినవి కొద్ది మాత్రమే. రావాలనుకున్నవారికి కూడా పాత అద్దె బకాయిలు, పోలీసు రికార్డు, ఉద్యోగం వంటి పరీక్షలు ఎదురయ్యాయి. అంటే 1995 నాటి శాతమూ తరువాతి శాతమూ ఒకే మనుషులవి కావు. మార్కులు రాని పిల్లలకు ముందే టీసీ ఇచ్చి పంపేసి, పరీక్ష ఫలితాల రోజున నూరు శాతం ఉత్తీర్ణత అని హోర్డింగు పెట్టే కళాశాలలను చూసి పెరిగినవాణ్ణి, ఈ లెక్కలోని కిటుకు నాకు అప్పుడే తట్టి ఉండాల్సింది.

ఈస్ట్ లేక్‌ను చిన్నబుచ్చడం నా ఉద్దేశం కాదు. అక్కడ ఉండగలిగిన కుటుంబాల పిల్లలకు దక్కిన చదువు చిన్న విషయమేమీ కాదు. కానీ పేట ఆర్థికంగా నిలబడటమూ, ఆ పేటలో ఉన్న మనుషులు ఆర్థికంగా నిలబడటమూ రెండు వేరు వేరు పనులు. మొదటిది జరిగితే రెండోది దానంతటదే జరుగుతుందన్న ఊహ మీదనే ఈ దేశంలో చాలా ఏళ్లు డబ్బు ఖర్చయింది. దేశంలోని ప్రభుత్వ గృహాలలో సుమారు 86,000 ఇళ్లు పూర్తిగా పాడయ్యాయని ఒక జాతీయ సంఘం 1992లో తేల్చగా, మరుసటి ఏడాది నుంచి హోప్ సిక్స్ అనే పథకం కింద వాటిని కూల్చి కట్టడం మొదలుపెట్టారు. కూల్చిన ప్రతి ఇంటికీ ఇంకొక ఇల్లు కట్టాలన్న నిబంధనను 1995లో పక్కన పెట్టేశారు. ఆ పథకం కింద ఇల్లు మారిన కుటుంబాలను అయిదు చోట్ల 2001 నుంచి కొన్నేళ్లపాటు అర్బన్ ఇన్‌స్టిట్యూట్ అనే పరిశోధన సంస్థవారు వెంబడించి చూశారు. వాళ్లకు మునుపటికన్నా భద్రమైన వీధులు దొరికాయి, రాత్రి నిద్ర పట్టింది, కానీ ఉద్యోగాలలో మార్పు లేదు. అందుకు పెద్ద అడ్డంకి అనారోగ్యమని తేలింది. ఉబ్బసం, కీళ్లనొప్పులు, మధుమేహం, మానసిక కుంగుబాటు ఉన్న మనిషికి కొత్త వంటగది ఇచ్చినంత మాత్రాన పనికి వెళ్లే శక్తి రాదు కదా.

2010లో వచ్చిన ఛాయిస్ నైబర్‌హుడ్స్ పథకం ఈ తప్పులలో కొన్నింటిని సరిదిద్దింది. ఇంటికి ఇల్లు అన్న నియమం తిరిగి వచ్చింది, ఇళ్లతోపాటు మనుషులకూ పేటకూ విడివిడిగా లక్ష్యాలు రాయమన్నారు. అయినా అట్లాంటాలోనే యూనివర్సిటీ హోమ్స్ అనే ప్రభుత్వ గృహసముదాయం సంగతి చూడండి. 1937లో తెరిచిన ఆ సముదాయాన్ని కూల్చివేసిన తరువాత, 2011లో దానికి ప్రణాళిక రాసుకోవడానికి నిధులు వచ్చాయి. అమలుకు మూడు కోట్ల డాలర్లు 2015లో వచ్చాయి. నివాసుల స్వావలంబన గురించి అధ్యాయం రాసేనాటికి ఆ స్థలంలో గడ్డి తప్ప నివాసులెవరూ లేరు.

ఇన్నేళ్లలో నివాసుల సమావేశాలలో నేను ఎక్కువగా విన్నది ఇళ్ల నమూనాల గురించి కాదు, అద్దె లెక్క గురించి. ప్రభుత్వ గృహాలలో అద్దె, స్థూలంగా కుటుంబ ఆదాయంలో 30 శాతం. వినడానికి న్యాయంగానే ఉంటుంది. నెలకు వెయ్యి డాలర్లు తెచ్చుకునే తల్లి ఇంకొన్ని గంటలు పనిచేసి పదిహేను వందలు తెచ్చుకుంటే, అద్దె 300 నుంచి 450కి పెరుగుతుంది. అదే సమయంలో ఆహార సహాయం తగ్గుతుంది. పిల్లల సంరక్షణకు వచ్చే సాయం ఒక గీత దాటగానే ఒక్కసారిగా ఆగిపోవచ్చు. పనికి వెళ్లే బస్సు ఖర్చు, వెళ్లిన గంటలలో బిడ్డను చూసుకునేవారికి ఇచ్చే ఖర్చు ఎలాగూ ఉన్నాయి. వీటన్నింటినీ తీసివేసుకొని చూస్తే, అదనంగా పనిచేసినందుకు చేతిలో మిగిలేది చాలా తక్కువ. ఒక సమావేశంలో ఒక పెద్దావిడ ఈ కూడికలూ తీసివేతలూ కవరు వెనుక రాసి నాకు చూపించింది, నేను మూడు వారాలు కూర్చుని తయారుచేసిన పట్టికకన్నా అది స్పష్టంగా ఉంది. ఆమెను బద్ధకస్తురాలని అనగలిగేవారు ఆ కవరును ఒకసారి చూడాలి.

ఈ చిక్కుకు విరుగుడుగా 1990లోనే చట్టంలో ఒక మంచి ఏర్పాటు చేశారు. ఫ్యామిలీ సెల్ఫ్ సఫిషియెన్సీ అనే ఆ కార్యక్రమంలో చేరిన కుటుంబం అయిదేళ్ల ఒప్పందం రాసుకుంటుంది. ఆదాయం పెరిగినందువల్ల పెరిగిన అద్దెను కుటుంబం ఎప్పటిలాగే కడుతుంది, కానీ ఆ పెరుగుదలకు సమానమైన సొమ్మును గృహ సంస్థ కుటుంబం పేరిట పొదుపు ఖాతాలో వేస్తుంది. పై ఉదాహరణలో అది నెలకు 150, ఏడాదికి 1,800, అయిదేళ్లకు 9,000 డాలర్లు. గడువు తీరేనాటికి ఒప్పందం రాసుకున్న మనిషికి ఉద్యోగం ఉండి, కుటుంబం నగదు సహాయం తీసుకోకుండా ఉంటే ఆ సొమ్ము చేతికి వస్తుంది. చదువుకు వాడుకోవచ్చు, కారు కొనుక్కోవచ్చు, ఇంటికి ముందు చెల్లింపుగా కట్టుకోవచ్చు. ఆలోచన నాకు చాలా నచ్చింది, కానీ చివరిదాకా నిలిచేవారు తక్కువ. అయిదేళ్ల తరువాత వచ్చే డబ్బు ఈ నెల కరెంటు బిల్లుకు పనికిరాదన్నది అందుకు ఒక కారణమని నాకు తోస్తుంది.

గట్టిగా ఫలితం చూపింది జాబ్స్ ప్లస్ అనే కార్యక్రమం. 1998లో ఆరు నగరాలలో దానిని ప్రయోగంగా మొదలుపెట్టారు. పని వెతికిపెట్టే కార్యాలయాన్ని గృహసముదాయం లోపలే తెరిచారు, ఆదాయం పెరిగినా అద్దె అదే లెక్కన ఎగబాకకుండా చూశారు, ఏ షాపులో, ఏ ఆసుపత్రిలో ఖాళీలున్నాయో ఇరుగుపొరుగుల నోటనే అందరికీ చేరేలా ఏర్పాటు చేశారు. ఈ మూడూ సక్రమంగా అమలైన డేటన్, లాస్ ఏంజెలెస్, సెయింట్ పాల్ సముదాయాలలో, పనిచేయగలిగినవారి సంపాదన ఏడేళ్ల సగటున 16 శాతం, అంటే ఏడాదికి సుమారు 1,300 డాలర్లు, ఎక్కువగా నమోదైంది. సగం సగంగా అమలైన బాల్టిమోర్, చట్టనూగాలలో చెప్పుకోదగ్గ ఫలితం లేదు. ఆరో నగరం సియాటిల్. అక్కడా కార్యక్రమం బాగానే నడిచింది, కానీ హోప్ సిక్స్ కింద ఆ సముదాయాన్నే పునర్నిర్మించడం మొదలై నివాసులు చెదిరిపోవడంతో దానిని దీర్ఘకాలపు లెక్కలోకి తీసుకోలేకపోయారు. పునరుద్ధరణే స్వావలంబనకు గండి కొట్టిన సందర్భానికి ఇంతకన్నా సూటి ఉదాహరణ నాకు తెలియదు.

నిర్మాణ పనులలో స్థానికులకు ఉద్యోగాలివ్వాలన్న నియమం 1968 నుంచీ ఉంది. సెక్షన్ త్రీ అంటారు. చాలాకాలం కొత్తగా చేర్చుకున్నవారిలో 30 శాతం స్థానిక పేదలైతే చాలనేవారు. అందువల్ల కాంట్రాక్టరు పేటలోంచి ముగ్గురిని తీసుకొని, కొద్ది వారాలు చెత్త ఎత్తించి పంపేసినా లెక్క సరిపోయేది. 2020లో తలల లెక్క మాని పనిగంటల లెక్క పెట్టారు. మొత్తం గంటలలో 25 శాతం తక్కువ ఆదాయం గల కార్మికులవి కావాలి. చిన్న మార్పే కానీ, దానివల్ల ఏమార్చడం కష్టమయింది.

హైదరాబాదు వెళ్లినప్పుడల్లా ఈ కళ్లతోనే డబుల్ బెడ్‌రూమ్ ఇళ్లను చూస్తాను. బోయిగూడ ఐడీహెచ్ కాలనీలో ఉన్న చోటనే 396 ఇళ్లు కట్టి 2015లో అప్పగించారు. పొద్దున ఏ ఇళ్లలో పనికి వెళ్లేవారో, ఏ సందులో బండి పెట్టుకునేవారో, మరునాడు కూడా అక్కడికే నడిచి వెళ్లగలిగారు. నగర శివార్లలోని కొల్లూరులో 15,660 ఇళ్లు ఒకేచోట లేచాయి, కట్టడంగా చూస్తే ఘనమైన పనే. కానీ పాతబస్తీలో నాలుగిళ్లలో అంట్లు తోమి బతికే మనిషికి అక్కడినుంచి రానూ పోనూ పట్టే సమయాన్ని ఇంటి విలువలోంచి తీసివేయకుండా ఏ లెక్కా పూర్తికాదు.

ప్రస్తుతం నా బల్ల మీద, పేరు చెప్పకూడని ఒక చిన్న పట్టణపు ప్రణాళిక ముసాయిదా ఉంది. అందులో రెండు మార్పులు కోరాను. ఇప్పుడున్న కుటుంబాలన్నింటి జాబితాను ఈ నెలలోనే మూసివేసి, పదేళ్లు వాళ్లు ఎక్కడికి వెళ్లినా వాళ్ల సంపాదననే లెక్కించాలన్నది మొదటిది, కొత్తగా వచ్చినవారి ఆదాయం ఆ పట్టికలో కలవకూడదు. మొదటి భవనం కూల్చడానికి కనీసం రెండేళ్ల ముందే పని కార్యాలయం, అద్దె మినహాయింపు, పేటలోనే ఒక క్లినిక్ మొదలుకావాలన్నది రెండోది. మొదటి దానికి ఖర్చు తక్కువ కాబట్టి ప్రణాళికను చూస్తున్న సంఘం ఒప్పుకుంది. రెండోదానికి, నిర్మాణ రుణం గడువు తేదీలు అడ్డం వస్తున్నాయని ఆర్థిక సలహాదారు అంటున్నారు. వచ్చే మంగళవారం ఆ తేదీల మీదనే కూర్చోబోతున్నాం.