కింద చూడకుండా కొన్న కార్లు

ఎవరైనా కారు కొన్నానని చెప్తే ఇంట్లో ఏ కారు, ఎంతయింది, ఏ రంగు అని అడుగుతారు. మా అమ్మ మాత్రం "నడుస్తుందా?" అని అడుగుతుంది. పాతికేళ్లుగా అదే ప్రశ్న. ఆమెననడానికి లేదు, నేను కొన్నవాటిలో సగం తాడు కట్టించుకుని ఇంకో బండి వెనకాల ఇంటికొచ్చినవే. ఒకటైతే డీసీఎం లారీ ఎక్కి వచ్చింది, బాడీ ఒక పక్కన, ఇంజిన్ ఒక పక్కన.

మొదటిది ప్రీమియర్ పద్మిని. 1984 మోడల్. 1999లో మారేడుపల్లిలో ఒక రిటైరైన పెద్దాయన దగ్గర 28 వేలకి కొన్నాను. అప్పటికి రోడ్ల మీద జెన్లు, శాంత్రోలు తిరుగుతున్నాయి, పద్మిని వైపు చూసేవాళ్లే లేరు. అసలది ఇటలీ ఫియట్ 1100, బొంబాయి కుర్లాలో ఇక్కడి పేరు పెట్టుకుని తయారయ్యేది. 1089 సీసీ ఇంజిన్, స్టీరింగ్ పక్కన గేరు రాడ్డు, ముందు అద్దాల పక్కన తిప్పితే గాలి మొహానికి కొట్టే ముక్కోణపు చిన్న అద్దాలు. ఇవన్నీ తర్వాత తెలిసినవి. నేను కొన్నది మాత్రం రంగు చూసి. ముదురాకుపచ్చ, అద్దంలా ఉంది, అందులో నా మొహం చూసుకుని డబ్బులిచ్చేశాను.

మొదటి వేసవిలోనే ట్యాంక్‌బండ్ మీద ఆగిపోయింది. మే నెల, మధ్యాహ్నం రెండు. సెల్ఫ్ కొడితే ఇంజిన్ తిరుగుతోంది, అందుకోవట్లేదు. ఒక ఆటో అన్న ఆగి, బానెట్ ఎత్తించి, నా చేతి రుమాలు లాక్కుని నీళ్లలో తడిపి పెట్రోల్ పంపు మీద చుట్టాడు. పది నిమిషాలాగి కొడితే స్టార్టయింది. ఆ పంపు ఇంజిన్‌ని ఆనుకునే ఉంటుంది, ఎండ, ఇంజిన్ వేడి రెండూ కలిసి లోపలి పెట్రోల్ ఆవిరైపోతే పంపు ఆవిరినే నెడుతుంది తప్ప కార్బురేటర్‌కి పెట్రోల్ చేరదు. ఆ రోజు నుంచి డిక్కీలో ఒక పాత బనియను, రెండు లీటర్ల నీళ్ల సీసా పర్మినెంటుగా ఉండిపోయాయి. హుస్సేన్‌సాగర్ నీళ్లయినా పనిచేస్తాయి, ఆ నీళ్లు పనికొచ్చేది బహుశా దానికొక్కదానికే.

అసలు కథ 2000 ఆగస్టులో. 24వ తేదీన నగరం మీద ఒక్క రోజులో 24 సెంటీమీటర్ల వాన పడింది, గుర్తుండే ఉంటుంది మీకు. నీళ్లు కాస్త తీశాక అమ్మని రామంతాపూర్‌లో పిన్ని వాళ్లింటికి తీసుకెళ్తున్నాను. ఒక గుంతలో దిగి ఎక్కామో లేదో అమ్మ "ఒరేయ్, కాళ్ల కింద ఏదో కదుల్తోంది" అంది. మ్యాట్ ఎత్తి చూస్తే కింద రోడ్డు కనిపిస్తోంది. చూస్తుండగానే అమ్మ ఎడమ కాలి చెప్పు ఆ కంతలోంచి జారి వరద నీళ్లలో కొట్టుకుపోయింది. పిన్ని వాళ్లింట్లోకి ఒంటి చెప్పుతో వెళ్లింది పాపం. ఇప్పటికీ ఏ పెళ్లిలోనైనా చుట్టాలు నన్ను చూడగానే ముందు చెప్పు సంగతే ఎత్తుతారు.

ముషీరాబాద్‌లో ఒక ఉస్తాద్ దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన ఇంజిన్ వైపే చూడలేదు. కింద పడుకుని స్క్రూడ్రైవర్‌తో నేలంతా పొడిచాడు, పొడిచిన ప్రతిచోటా అటుకుల్లా రాలింది. తర్వాత జేబులోంచి చిన్న అయస్కాంతం తీసి డోర్ల కింది అంచున, చక్రాల పైన ఆనించుకుంటూ పోయాడు. ఇనుము ఉన్నచోట అంటుకుంటోంది, మిగతా చోట్ల జారి కింద పడుతోంది. వేలు మందాన పుట్టీ పెట్టి, పైన ముదురాకుపచ్చ కొట్టారు. అంటే నేను 28 వేలు పెట్టి కొన్నదాంట్లో కొంత కారు, కొంత పుట్టీ. "రంగ్ నక్కో దేఖో సాబ్, పహ్లే నీచే దేఖో" అన్నాడు, అంటే రంగు చూడొద్దు, ముందు కింద చూడమని. పాత కార్ల గురించి నాకు తెలిసిందంతా ఈ ఒక్క ముక్క చుట్టూ తిరుగుతుంది, మిగతాదంతా ఖర్చు.

తుప్పు ఎక్కడి నుంచి వస్తుందో చెప్తాను, పాత బండి చూడ్డానికి వెళ్తే పనికొస్తుంది. ముందు అద్దం చుట్టూ ఉండే రబ్బరు ఎండకి పగులుతుంది. వాన నీళ్లు అందులోంచి దిగి మ్యాట్ కిందికి చేరతాయి. మ్యాట్ కింద చప్పుడు రాకుండా ఒక పీచు పరుపు వేస్తారు, అది నీళ్లు తాగి వారాల తరబడి తడిగానే ఉంటుంది. పైన చూస్తే అంతా పొడి, కింద రేకు మాత్రం రోజూ నానుతుంటుంది. డోర్ల కింద నీళ్లు పోడానికి చిన్న కంతలుంటాయి, చెట్టు కింద పెట్టే బండికి అవి ఆకులతో పూడిపోతాయి, అప్పుడు డోరు లోపలి నుంచి తినేస్తుంది. కాబట్టి వెళ్లగానే మ్యాట్ ఎత్తండి. ఎత్తనివ్వకపోతే టీ తాగి వచ్చేయండి.

ఉస్తాద్ రెండు నెలలన్నాడు, ఏడు నెలలు పట్టింది. ఎప్పుడు వెళ్లినా "పర్సోం హోజాతా సాబ్". పర్సోం అంటే మామూలుగా ఎల్లుండి, లేదా మొన్న. మన హైదరాబాద్‌లో మాత్రం అది కాలం కాదు, ఒక సముద్రం. మూడేళ్ల కిందట జరిగిన పెళ్లీ పర్సోమే, వచ్చే ఏడు అయ్యే పనీ పర్సోమే. కానీ ఆయన పని చేసిన వరస మాత్రం నాకు నచ్చింది. ముందు కుళ్లిన నేల కోసేసి కొత్త రేకు అతికాడు. తర్వాత బ్రేకులు, ముందు చక్రాలు పక్కకి తిరగడానికుండే కింగ్ పిన్నులు, వైరింగ్. తర్వాత ఇంజిన్ దింపి, సిలిండర్లకి బోరు కొట్టించి కొత్త పిస్టన్లు. ఆ రోజుల్లోనే సీసం కలిపిన పెట్రోల్ ఆగిపోయింది. పాత ఇంజిన్లలో వాల్వు సీట్లు అరగకుండా కాపాడేది ఆ సీసమే, అందుకని లేత్ షాపులో గట్టి సీట్లు కూర్చోబెట్టించాడు. రంగు అన్నిటికన్నా చివర, అదీ నేను అడిగితేనే. మధ్యలో పార్టుల కోసం రాణీగంజ్, పుత్లీబౌలీ, జాంబాగ్ ఎన్నిసార్లు తిరిగానో లెక్కలేదు, ఆఫీసులో నా మీద ఆయిల్ వాసన వస్తోందని వేరే టేబుల్‌కి మార్చారు కూడా.

2004లో దాన్ని సినిమా షూటింగులకి బళ్లు అద్దెకిచ్చే ఒకాయనకి అమ్మాను. తర్వాత ఒక సినిమాలో నాలుగు సెకన్లు కనిపించింది, హీరోయిన్ తండ్రి అందులోంచి దిగుతాడు. మా ఆవిడ ఆ నటుడిని చూసింది. నేను ఆయన కాళ్ల కిందున్న నేలని చూశాను.

మధ్యలో ఒక మారుతి 800 ఉండేది, దాని గురించి చెప్పేదేం లేదు. 796 సీసీ, మూడు సిలిండర్లు, ఆరేళ్లు పెట్రోల్ పోయించుకుంది, అప్పుడప్పుడు క్లచ్ వైరు అడిగింది. చెడిపోని కారుకి జ్ఞాపకాలేం ఉంటాయి? అమ్మకి మాత్రం నా కార్లన్నిట్లో నచ్చింది అదొక్కటే.

ఇక కాంటెస్సా. హిందుస్థాన్ మోటార్స్ వాళ్లది, ఇంగ్లండ్ వాక్స్‌హాల్ అచ్చులో పోసింది. 1984లో వచ్చినప్పుడు అంబాసిడర్ ఇంజినే పెట్టారు, అంత ఒళ్లున్న బండికి ఆ ఇంజిన్ అంటే గేదెకి మేకని కట్టి లాగించినట్టే. తర్వాత ఇసుజు 1.8 లీటర్ ఇంజిన్ వచ్చాక గానీ ఆ బండికి న్యాయం జరగలేదు. నాది ఇసుజుదే, 2009లో కొన్నాను. ఈసారి అయస్కాంతం పట్టుకెళ్లాను, మ్యాట్ ఎత్తాను, కింద పడుకుని చూశాను, అమ్మే ఆయన నన్ను పోలీసనుకున్నాడు. లీటరుకి ఎనిమిది కిలోమీటర్లు దాటి ఎప్పుడూ ఇవ్వలేదు. అయినా శ్రీశైలం ఘాట్‌లో పల్లకీలా వెళ్లేది, మైలేజీ, సుఖం రెండూ ఒకే కారులో కుదరవని సర్దుకున్నాను. బండి బాగానే ఉన్నా ఒకసారి మొత్తం విప్పి అడుగంతా శుభ్రం చేయించి నల్ల కోటింగు కొట్టించాను. అనవసరపు ఖర్చని ఇంట్లో వారం రోజులు నాతో ఎవరూ సరిగ్గా మాట్లాడలేదు.

2020 అక్టోబర్ 13 రాత్రి ఆ ఖర్చు అక్కరకొచ్చింది. మేముండేది సరూర్‌నగర్ చెరువు కింది వైపు. రాత్రి తొమ్మిదికి సెల్లార్‌లోకి నీళ్లు మొదలయ్యాయి, పదింటికి కరెంటు పోయింది. కాంటెస్సా బ్యాటరీ ఆ వారం ఇంకేదో పని మీద తీసి పక్కన పెట్టాను, ర్యాంపు మీదికి నలుగురం నెట్టబోతే కదలలేదు. మెట్ల మీద నిలబడి సెల్‌ఫోన్ లైటులో చూస్తూనే ఉన్నాను, ముందు చక్రాలు, తర్వాత హెడ్‌లైట్లు, తర్వాత బానెట్ మునిగాయి. ఏడవలేదు గానీ మా ఆవిడ నన్ను చూసి ఏమీ అనకుండా పైకెళ్లిపోయింది.

రెండ్రోజులకి నీళ్లు తోడారు. ఉస్తాద్‌కి ఫోన్ చేస్తే ఆయన చెప్పింది ఒక్కటే, "సెల్ఫ్ నక్కో మారో", సెల్ఫ్ కొట్టొద్దని. సిలిండర్‌లో నీళ్లుంటే పిస్టన్ పైకి వచ్చినప్పుడు గాలైతే నలుగుతుంది, నీళ్లు నలగవు, కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. ఆత్రం కొద్దీ కింది ఫ్లోర్ ఆయన తన కొత్త కారు స్టార్ట్ చేయబోయాడు, ఒక్క చప్పుడు, అంతే, ఇంజిన్ విప్పాల్సొచ్చింది. మేము ప్లగ్గులు తీసి, లోపల ఆయిల్ పోసి, ఇంజిన్‌ని చేత్తో మెల్లగా తిప్పి నీళ్లన్నీ బయటికి కొట్టించాం. కింద నట్టు విప్పితే ఇంజిన్ ఆయిల్ పాలెక్కువైన టీలా వచ్చింది. గేర్‌బాక్సు, వెనక యాక్సిల్ కూడా అంతే, గాలి పోడానికి పెట్టిన సందుల్లోంచి వాటిలోకీ నీళ్లు దూరాయి. ఆయిల్ పోయడం, కాసేపు తిప్పడం, తీసేయడం, అలా మూడుసార్లు. సీట్లు, కార్పెట్ మేడ మీద ఆరబెట్టాం, వడియాలకి చోటు లేదని అమ్మ గోల.

అడుగున కొట్టించిన ఆ నల్ల కోటింగే నేలని కాపాడింది. కంప్యూటర్లు లేని బండి కాబట్టి వైర్ల కనెక్షన్లు ఒక్కొక్కటీ విప్పి తుడిస్తే సరిపోయింది, కొత్త కార్లకి ఆ అదృష్టం లేదు. ఐదు నెలల తర్వాత నడిచింది. వాసన మాత్రం పోలేదు. వేపాకు పెట్టాం, బొగ్గులు పెట్టాం, కాఫీ పొడి పెట్టాం, ఏసీ వేస్తే చాలు సరూర్‌నగర్ చెరువు మళ్లీ వచ్చేది. 2022లో అమ్మేటప్పుడు బెంగళూరు నుంచొచ్చిన కుర్రాడికి ఫలానా రాత్రి మునిగిందని, ఎంతవరకు మునిగిందో చేత్తో చూపించి మరీ చెప్పాను. 40 వేలు తగ్గించుకున్నాడు. మారేడుపల్లి పెద్దాయన నాకు చెప్పలేదు కదా అని ఒక క్షణం అనిపించింది నిజమే. బహుశా ఆయనా ఎప్పుడూ మ్యాట్ ఎత్తి ఉండడు.

ఇప్పుడున్నది 1972 అంబాసిడర్, మార్క్ 2. డీసీఎంలో వచ్చింది ఇదే, జనగామ దగ్గర ఒక రైస్ మిల్లు వెనకాల పదకొండేళ్లు పడి ఉంది, వెనక సీట్లో కోడి గుడ్లు పెట్టింది, అబద్ధం కాదు. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అచ్చులో ఉత్తరపారాలో పోసిన బండి, 1489 సీసీ, హెడ్‌లైటు డిమ్మూ డిప్పూ ఎడమ కాలితో నొక్కాలి. దీంట్లో నాకు ఇష్టమైన సంగతి, దీనికి పెద్ద పనిముట్లేం అక్కర్లేదు. ప్లగ్గు గ్యాప్ చూడ్డానికి హ్యాక్సా బ్లేడు చాలు, దాని మందం సరిగ్గా సరిపోతుంది. కాకపోతే ఇప్పుడు పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్ కలుస్తోంది, పాత రబ్బరు పైపుల్ని అది మెత్తగా చేసి తినేస్తుంది, అందుకని ట్యాంకు నుంచి కార్బురేటర్ దాకా రబ్బరు ఉన్న ప్రతి ముక్కా మార్చాను.

యాభై ఏళ్లు దాటింది కాబట్టి వింటేజ్ రిజిస్ట్రేషన్ చేయించుకో, నంబర్‌లో వీఏ అని వస్తుంది, దర్జాగా ఉంటుందని ఫ్రెండ్స్ అంటున్నారు. 2021లో వచ్చిన ఆ రూల్స్ ప్రకారం అలాంటి బండిని రోజూ రోడ్డు మీద తిప్పకూడదు, ప్రదర్శనలకీ ర్యాలీలకీ తీయొచ్చు. నాకొద్దు. చౌమహల్లా ప్యాలెస్‌లో పసుపు రంగు రోల్స్ రాయిస్ ఉంది చూశారా, ఆరో నిజాం ఆర్డరిచ్చింది, కారు వచ్చేలోపే 1911లో ఆయన పోయారు. ఎంత అందంగా ఉంటుందో, ఎప్పుడు చూసినా నాకు అంత జాలేస్తుంది. నా అంబాసిడర్ ఉప్పల్ దాకా వెళ్లి కూరగాయలు తేవాలి.

నేల అయింది, బ్రేకులయ్యాయి, వైరింగ్ అయింది, ఇంజిన్ పోయిన ఆదివారం పదకొండు నిమిషాలు నడిచింది. రంగు ఇంకా లేదు, మొత్తం ఎర్రటి ప్రైమర్‌లో ఉంది, కాలనీ పిల్లలు ఫైరింజన్ అంటున్నారు. అమ్మ కిందికి దిగొచ్చి, రంగు సంగతి ఎత్తకుండా, ముందు డోరు తెరిచి మ్యాట్ ఎత్తి చూసింది. కాలితో రెండుసార్లు తన్నింది. చెప్పులు మాత్రం బయటే విప్పి ఎక్కింది.

ఎడమ వైపు అద్దం ఎత్తే మిషన్‌లో పళ్లు అరిగిపోయాయి, అద్దం సగంలో ఆగిపోతోంది. జాంబాగ్‌లో ఒకాయన దగ్గర పాతది ఒకటుందట, గోడౌన్‌లో వెతకాలన్నాడు. ఎప్పుడు రమ్మంటారు భాయ్ అంటే, పర్సోం అన్నాడు.