చొల్లంగి అమావాస్యకి తిరువళ్ళూరు

ఈ మొక్కు మా అత్తయ్యది. మా అమ్మాయి అమ్మడికి తొమ్మిదేళ్లప్పుడు ఐసీయూ బయట కుర్చీలో కూర్చుని మొక్కుకుంది, పిల్ల లేచి తిరిగితే తిరువళ్ళూరు వైద్య వీరరాఘవస్వామి కొలనులో బెల్లం వేయిస్తానని. పిల్ల లేచింది, తిరిగింది, ఇప్పుడు పదో తరగతి చదువుతోంది. మొక్కు మాత్రం పరీక్షలనీ, పెళ్లిళ్లనీ, అత్తయ్య మోకాళ్ల నొప్పులనీ వాయిదా పడుతూ వచ్చింది. మేం చెన్నైలో విల్లివాక్కంలో ఉంటాం. తిరువళ్ళూరుకి ఇక్కణ్ణుంచి లోకల్ ట్రైన్ ఎక్కితే చాలు. దగ్గరున్న గుడికి రేపు వెళ్లొచ్చులే అనిపిస్తూనే ఉంటుంది.

ఈసారి పుష్య అమావాస్యకి వెళ్లి తీరాలంది అత్తయ్య. మన పంచాంగంలో చొల్లంగి అమావాస్య అని ఉంటుంది, ఇక్కడివాళ్లకి తై అమావాస్య. స్వామి శాలిహోత్ర మహర్షి దగ్గరికి వచ్చింది ఆ రోజేనని స్థలపురాణం.

"వస్తాను గానీ, నాకు తగ్గిపోవాలని మాత్రం ఎవరూ మొక్కకూడదు," అంది అమ్మడు.

అత్తయ్య ముఖం చిన్నబోయింది. "అదేం మాటే? ఆయన వైద్యుడే కదా?"

"ప్రతి గుడిలో అదే అడుగుతారు నానమ్మా. ఇంటికి రాగానే నా షుగర్ మీటర్ వంక చూస్తారు. నంబర్ ఎక్కువుంటే నేనే ఏదో తక్కువ చేసినట్టు ఉంటుంది నాకు."

నేను మాట్లాడలేదు. పిల్ల చెప్పింది నిజం. టైప్ వన్ డయాబెటిస్ వచ్చిన పిల్లల చుట్టూ పెద్దవాళ్ల మాటలు అలాగే ఉంటాయి. స్వీట్లు ఎక్కువ పెట్టావా, మీ వంశంలో ఉందా, ఫలానా కషాయం తాగిస్తే సూదులు మానేయొచ్చట. స్వీట్లు తింటే వచ్చే జబ్బు కాదిది. ఒంటిని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాల్ని చంపేస్తుంది. ఆ తర్వాత ఇన్సులిన్ బయటినుంచి వేసుకోవాల్సిందే. ఒక్క రోజు మానేసినా ప్రాణం మీదికి వస్తుంది.

అప్పట్లో మా పిల్ల ఆగకుండా నీళ్లు తాగేది, రాత్రి పక్క తడిపేది, బట్టలన్నీ వదులైపోయాయి. ఒక చోట వాంతులకి మందు రాసిచ్చి పంపేశారు. మర్నాటికి ఎగశ్వాస, నోట్లోంచి మగ్గిన పళ్ల వాసన. ఇది చదివే తల్లులకి, తండ్రులకి చేతులెత్తి చెప్తున్నాను. పిల్లలు తెగ నీళ్లు తాగుతూ, మాటిమాటికీ పాస్‌కి వెళ్తూ చిక్కిపోతుంటే ఆ రోజే షుగర్ చూపించండి. వేలిమీద చిన్న గుచ్చు, నిమిషం పని.

చిన్నప్పుడు అన్నీ నా చేతుల్లోనే ఉండేవి. నేనే పొడిచేదాన్ని, నేనే రాసిపెట్టేదాన్ని. పదమూడు దాటాక ఆ లెక్కలన్నీ తప్పాయి. ఎదిగే వయసు హార్మోన్లకి ఇన్సులిన్ సరిగ్గా పనిచేయదు. నిన్న నాలుగు ఇడ్లీలకి సరిపోయిన యూనిట్లు ఇవాళ సరిపోవు. నెలసరికి ముందు ఒక రకం, పరీక్షల టెన్షన్‌కి ఇంకో రకం. షుగర్ ఎంతుందో చూపించే సెన్సర్ చేతికి పెట్టుకుంటుంది, ఆ రీడింగులు నా ఫోన్‌కీ వస్తాయి. నేను స్కూల్‌కి మెసేజ్ పెడితే తనకి కోపం, పెట్టకపోతే నాకు ప్రాణం నిలవదు. మా ఇంట్లో గొడవలన్నీ దీనిమీదే.

ప్రయాణం రోజు తెల్లవారుజామున మరో చర్చ. దర్శనం అయ్యేదాకా పచ్చి మంచినీళ్లు కూడా ముట్టకూడదంటుంది అత్తయ్య. అమ్మడు ఇడ్లీ ప్లేటు ముందు పెట్టుకుని ఆవిడకే పురాణం చెప్పింది. "శాలిహోత్రుడు ఏడాది ఉపవాసం ఉండి బియ్యప్పిండి సిద్ధం చేసుకున్నాడు కదా? అతిథిగా వచ్చిన స్వామి అదంతా తినేసి, ఎక్కడ పడుకోమంటావని అడిగాడు కదా? ఆకలేస్తే తినాలని ఆయనకీ తెలుసు నానమ్మా." అత్తయ్య ఇంకేం అనలేదు, చట్నీ గిన్నె ముందుకి జరిపింది.

రైలు కిటకిటలాడిపోతోంది. అంబత్తూరు, ఆవడి, తిన్ననూరు అని పిలిచే తిరునిన్రవూరు, ప్రతి స్టేషన్లోనూ ఎక్కేవాళ్లే. సగం పెట్టె తమిళం, సగం తెలుగు. బ్యాగు అమ్మడే తగిలించుకుంది. అందులో ఇన్సులిన్ పెన్నులు, స్పేర్ సూదులు, మీటర్, స్ట్రిప్పులు, గ్లూకోజ్ పొడి, బిస్కట్లు, ఒక జ్యూస్ ప్యాకెట్. నేనూ నా హ్యాండ్‌బ్యాగులో ఇంకో సెట్టు పెట్టుకున్నాను. ఎక్కడికి వెళ్లినా అన్నీ రెండేసి, రెండు వేర్వేరు బ్యాగుల్లో ఉండాలి. ఒకటి పోయినా రెండోది ఉంటుంది.

గుడి వీధిలో రేకుమీద అచ్చుకొట్టిన అవయవాలు అమ్ముతారు. కన్ను, చెయ్యి, కాలు, చెవి, ఏది బాగోకపోతే దాన్ని కొని హుండీలో వేస్తారు. అత్తయ్య ఒక్కొక్కటీ తిరగేసి చూసి, అమ్ముతున్న ఆవిణ్ణి "కణయం ఇరుక్కామ్మా?" అని అడిగింది. క్లోమాన్ని తమిళంలో కణయం అంటారు. రాత్రే అమ్మడి దగ్గర నేర్చుకుని ఉంటుంది. ఆవిడ తలడ్డంగా ఊపి, కడుపు అచ్చు చూపించింది. అమ్మడు నవ్వకుండా, విసుక్కోకుండా వంగి వెతికి, నిలబడ్డ మనిషి ఆకారం తీసింది. "ఇది తీసుకో. మొత్తం నేనే." అత్తయ్య దాన్ని కొంగుకి ముడేసుకుంది.

కొలను మెట్ల దగ్గర తర్పణాలు వదిలేవాళ్లతో కాలుపెట్టే చోటు లేదు. దర్శనం అయ్యాకే బెల్లం వేద్దామని క్యూలో నిలబడ్డాం. ఎంతసేపని చెప్పను, కాళ్లు పీకేంతసేపు. అమ్మడు కబుర్లు చెప్పడం ఆపేసింది. నేను ఫోన్ తీసేలోపే తన ఫోన్ మోగింది. షుగర్ 68కి పడిపోయింది, ఇంకా కిందికే అని బాణం. దీన్నే మేం 'లో' అంటాం. పెదాల పైన చెమట. సెన్సర్ రక్తం కంటే కొన్ని నిమిషాలు వెనకబడి చూపిస్తుంది కాబట్టి వేలు పొడిచి మీటర్లో చూసుకుంది. 61.

అక్కడే రాతిమీద కూలబడింది. చేతులు వణుకుతుంటే గ్లూకోజ్ పొడి నీళ్లలో కలపబోయి కాస్త ఒలకబోసింది. నా చెయ్యి ముందుకి పోయింది. "నేను చేసుకుంటా," అంది. అంతకంటే కష్టమైన పని నాకు ఈ మధ్య పడలేదు. చేతులు కట్టుకుని నిలబడ్డాను. అత్తయ్య బెల్లం పొట్లం విప్పేసింది. "దేవుడిది తర్వాత చూసుకుందాం, ముందు నువ్వు తిను." "బెల్లం మెల్లగా ఎక్కుతుంది నానమ్మా. ముందు గ్లూకోజ్, కోలుకున్నాక అది," అంది అమ్మడు, కళ్లు మూసుకునే. పదిహేను గ్రాముల గ్లూకోజ్, పదిహేను నిమిషాలు ఆగి మళ్లీ పరీక్ష, తనకి తెలిసిన వరస అదే. వెనకనుంచి జరగమని అరుపులు. మా వెనకున్న ఒక పెద్దావిడ చెయ్యి అడ్డంపెట్టి అందరినీ పక్కనుంచి పంపించింది, మమ్మల్ని కదలనివ్వలేదు. ఆవిడ పేరు కూడా అడగలేదు నేను, ఆవిడ చల్లగా ఉండాలి. రెండోసారి చూస్తే 84. అప్పుడు అమ్మడు రెండు బిస్కట్లూ, నానమ్మ చేతిలో చిన్న బెల్లం ముక్కా తిని లేచింది.

లోపల స్వామి శేషుడి మీద పవళించి ఉంటాడు. కుడిచెయ్యి శాలిహోత్రుడి తలమీద. ఆ చేతినే చూశాను నేను. తగ్గించమని అడగలేదు. అమ్మడి మాట కోసమే కాదు, నాకే ఆ కోరిక ఆ క్షణంలో లేదు. మందు ఏనాడూ అందకుండా పోకూడదనీ, కాలేజీకి ఇంకో ఊరు వెళ్లినా లో అయినప్పుడు పక్కన ఎవరో ఒకరు ఉండాలనీ, నా జబ్బు ఇదీ అని నలుగురిలో తలెత్తుకుని చెప్పగలగాలనీ అడిగాను.

కొలను దగ్గరికి వచ్చేసరికి జనం పలచబడ్డారు. నీళ్లలో బెల్లం కరిగినట్టు రోగం కరుగుతుందని నమ్మకం. మిగిలిన బెల్లం నానమ్మా, మనవరాలూ కలిసి వేశారు.

తిరుగు రైల్లో కూర్చోవడానికి చోటు దొరికింది. వైద్యుడి గుడికి వెళ్లొచ్చాం కాబట్టి కాబోలు, అమ్మడు లెనార్డ్ థాంప్సన్ కథ ఎత్తుకుంది. 1922 జనవరి 11న టొరంటోలో మొదటిసారి ఇన్సులిన్ ఎక్కించింది పద్నాలుగేళ్ల ఆ పిల్లాడికే. ఆ మందు సరిగ్గా శుద్ధి కాలేదు, సూది వేసినచోట వాచింది. కాలిప్ అనే ఆయన దాన్ని శుద్ధిచేసి ఇచ్చాక, జనవరి 23న మళ్లీ వేస్తే పిల్లాడు కోలుకున్నాడు. అంతకుముందు ఈ జబ్బొచ్చిన పిల్లలకి తిండి మాడ్చి ఇంకొన్నాళ్లు నిలపడం తప్ప దారి లేదు.

"తర్వాత ఎన్నేళ్లు బతికాడు?" అంది అత్తయ్య.

"పదమూడేళ్లు."

అత్తయ్య నా వైపు చూసింది. అమ్మడు వెంటనే అందుకుంది. "అది అప్పుడు నానమ్మా. ఇప్పుడు అమెరికాలో జోస్లిన్ సెంటర్ వాళ్లు ఇన్సులిన్ మీద యాభై ఏళ్లు గడిపినవాళ్లకి మెడల్ ఇస్తారు. డెబ్బై అయిదేళ్లకి ఇంకో మెడల్. ఆ రెండోది నాక్కావాలి." అత్తయ్య వేళ్లమీద లెక్కపెట్టడం మొదలుపెట్టి, ఎక్కడో ఆపేసింది.

కాసేపాగి అసలు మాట బయటపెట్టింది అమ్మడు. పరీక్షలు అయ్యాక ఫ్రెండ్స్‌తో అలిపిరి మెట్లెక్కి తిరుమల వెళ్తుందట. 3,550 మెట్లు. పొద్దుటి క్యూ నా కళ్లముందు మెదిలింది. వద్దనే మాట నోటిదాకా వచ్చింది. "డాక్టర్‌గారిని ఏమేం అడగాలో రాసుకో," అన్నాను.

ఆవడి వచ్చేలోపు ఫోన్లో రాసి నాకిచ్చింది. ముందురోజు లాంగ్ యాక్టింగ్, అంటే ఎక్కువసేపు పనిచేసే ఇన్సులిన్ డోసు తగ్గించాలా, ఎక్కేటప్పుడు ఎంతసేపటికోసారి తినాలి, చెమటకి సెన్సర్ ఊడితే ఎన్నిసార్లు వేలు పొడుచుకోవాలి, అంత ఎక్కాక ఆ రాత్రి నిద్రలో లో అవకుండా ఏం చేయాలి. చివరిది నాకు తట్టనే లేదు.

"నువ్వు పడిపోతే ఏం చేయాలో నీ ఫ్రెండ్స్‌కి తెలుసా?" అని అడిగాను.

"ఇద్దరికి నేర్పించాను. మూడోదానికి వేలు పొడిచే సూదంటే భయం. దానికి గ్లూకోజ్ డ్యూటీ ఇచ్చా."