జేజి దండకు 67 ముళ్ళు

కావలిలో పెళ్లి. పెళ్లికొడుకు మూడు ముళ్ళు వేస్తున్నాడు, మేం అక్షింతలు చల్లుతున్నాం, సరిగ్గా అప్పుడే మా జేజి ముత్యాల దండ తెగింది. మధ్యలో ముడి లేకుండా గుచ్చింది కదా, ఒకచోట తెగేసరికి అన్నీ కుర్చీల కిందికి దొర్లాయి. అక్షింతల్లో వెతికి ఏరితే 72కి 68 దొరికాయి.

నెల్లూరు ఆచారి వీధిలో ఒక షాపులో అడిగితే, "ముత్యానికో ముడంటే కుదరదమ్మా, నైలాన్ దారం మీద గుచ్చిస్తాం" అన్నారు. మళ్ళీ అదే కథ. ముడి ఉంటే తెగినా ఒక్కటే రాలుతుంది. పైగా ముత్యం మెత్తటిది, పక్కదానితో ఒరుసుకుంటే మెరుపు పోతుంది. నేనే వేస్తానని ముళ్ళు వేసే పరికరం ఆన్‌లైన్‌లో తెప్పించా.

చూడ్డానికి ఏమీ లేదు. ఒక పిడి, దబ్బనం లాంటి సూది, పక్కన పంగ ఉన్న చిన్న కమ్మీ, బొటనవేలితో పైకి నెట్టే మీట. అసలు తిప్పలు దారంతో మొదలయ్యాయి. 8వ నంబరు పట్టుదారం కొన్నా, 0.80 మిల్లీమీటర్లు. ముత్యంలో దూరితే ఒట్టు! 4వ నంబరు, 0.60ది, దూరింది. రెండు మీటర్ల దారం, కొసన సూది అతికించే వస్తుంది.

వదులుగా మామూలు ముడి వేసి, గుచ్చిన ముత్యాన్ని ఆ ఉచ్చులోంచి తియ్యాలి. ఉచ్చులోకి పరికరం సూది పెట్టి, ముడిని ముత్యానికి ఆనేదాకా జరపాలి. అప్పుడు దారాన్ని పంగలో వేసి, ఎడమచేత్తో బిగించి పట్టి, మీట నెడితే ముడి సూది మీంచి జారి ముత్యం పక్కన కూర్చుంటుంది. కూర్చోవాలి. నాకు ప్రతిసారీ బియ్యపుగింజంత సందు! పరికరమే బిగిస్తుందనుకుని, మీట నెట్టేటప్పుడు ఎడమచెయ్యి వదులు చేస్తున్నా.

పక్కన మల్లెలు కడుతున్న జేజి కాసేపు చూసి, "ఏందే, ముడి పడకముందే దారం వదిలేస్తుండావు?" అంది. అంతే, అదే తప్పు.

ప్లాస్టిక్ పూసల మీద రెండు సాయంత్రాలు నేర్చుకుని ముత్యాలు పట్టా. 23వ ముడి దగ్గర మళ్ళీ సందు. ముడి సూది మీద ఉన్నంతవరకే విప్పుకోగలం. జారాక కుట్టుసూదితో గెలికితే పట్టుదారం పీచు లేచింది. మొత్తం కత్తిరించి కొత్త దారంతో మొదలుపెట్టా. ఏడుపొచ్చింది, నిజంగా.

నాలుగు ముత్యాలు తగ్గాయి, దండ పొట్టిదవుతుందని టెన్షన్ పడ్డా. ఆరు మిల్లీమీటర్ల ముత్యాలు, ఒక్కో ముడికి మిల్లీమీటరు చొప్పున పెరిగి, పాతదానికంటే పొడుగే అయింది. జేజి మెళ్ళో వేసుకుని అద్దంలో చూసుకుంది. "బాగా దిగిందే" అంది. తర్వాత వేళ్ళతో ఒక్కొక్కటీ లెక్కపెట్టడం మొదలుపెట్టింది.