పోస్టర్ మీద ఫొటో పెడితే అయిపోతుందా?

అమెరికాలో సెప్టెంబర్ 15 నుంచి అక్టోబర్ 15 దాకా హిస్పానిక్ హెరిటేజ్ మంత్, అంటే స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్నవాళ్ళ నెల. నెల మధ్యలో మొదలవడమేంటని మనకు విచిత్రంగా ఉంటుంది కానీ, గ్వాటెమాలా, హోండురస్, ఎల్ సాల్వడార్, నికరాగువా, కోస్టారికా అయిదింటికీ స్వాతంత్ర్య దినం ఆ 15వ తేదీనే, మర్నాడు మెక్సికోది. 1968లో వారం రోజుల పండగగా మొదలైంది, 1988లో నెల చేశారు.

ఈసారి మా మల్టీకల్చరల్ స్టూడెంట్ గ్రూపులో హిస్పానిక్ మహిళల మీద ఒక సాయంత్రం ప్రోగ్రాం పెడదామన్నారు. మాది టెక్సస్. గ్రూపులో మెక్సికన్ అమెరికన్లు ఎక్కువ, నైజీరియా, వియత్నాం వాళ్ళు కొందరు, ఇక మన తెలుగు బ్యాచ్ (నిజం చెప్పాలంటే ఫ్రీ ఫుడ్ కోసం చేరినవాళ్ళమే సగం మంది). మొదటి మీటింగ్‌లో తయారైన పోస్టర్ల లిస్టు నిండా సింగర్లు, హీరోయిన్లు, మెక్సికన్ పెయింటర్ ఫ్రీదా కాలో. ఫ్రీదా మీద నాకేం కోపం లేదు, కానీ కాఫీ మగ్గు దగ్గర్నుంచి చేతిసంచీ దాకా అన్నిటి మీదా ఉన్న మనిషికి మళ్ళీ మా పోస్టర్ ఎందుకు?

అప్పుడు మెక్సికో సరిహద్దు ఊరు లారెడో నుంచి వచ్చిన ఒకమ్మాయి మా ఊరావిడ ఉంది అంటూ హోవితా ఇదార్ పేరు చెప్పింది. పేరు తెలియకపోయినా బొమ్మ చాలామంది చేతుల్లో పడే ఉంటుంది, ఎందుకంటే 2023లో వచ్చిన ఒక క్వార్టర్ (పావు డాలర్ నాణెం) మీద ఉన్నది ఆవిడే. అపార్ట్‌మెంట్ లాండ్రీ కోసం చిల్లర పోగేసేవాళ్ళు ఓసారి వెతికి చూడండి: చేతులు ముడుచుకుని నిలబడి ఉంటుంది, ఒంటి నిండా అక్షరాలే, వాటిలో ఆవిడ రాసిన పత్రికల పేర్లు కూడా ఉన్నాయి.

1914లో ఆవిడ లారెడోలో ఎల్ ప్రోగ్రెసో అనే పత్రికకి రాసేది. ప్రెసిడెంట్ విల్సన్ సరిహద్దుకి సైన్యాన్ని పంపడాన్ని తప్పుబడుతూ ఆ పత్రికలో సంపాదకీయం పడింది. దాంతో ప్రెస్ మూయించడానికి టెక్సస్ రేంజర్లు దిగారు. బేస్‌బాల్ టీమ్ అనుకునేరు, కాదు, సరిహద్దు మెక్సికన్లు పేరు వింటేనే వణికిపోయిన సాయుధ దళం అది. ఆవిడ గుమ్మానికి అడ్డంగా నిలబడింది, కదల్లేదు. అప్పటికి ముప్పై కూడా నిండలేదు. రేంజర్లు వెనక్కి వెళ్ళారు. తర్వాత ఆవిడ లేని టైం చూసి వచ్చి యంత్రాలు పగలగొట్టి పోయారు. మా వాళ్ళు పోస్టర్లో గుమ్మం దాకా రాసి ఆపేద్దామన్నారు, రెండోసారి వచ్చి పగలగొట్టడం కూడా ఉండాల్సిందేనని నేను పట్టుబట్టాను. ఆవిడ ఆ తర్వాత కూడా రాయడం మానలేదు మరి.

ఎలెన్ ఓచోవా మన ఇంజినీరింగ్ వాళ్ళ ఛాయిస్. ఎలక్ట్రికల్‌లో పీహెచ్‌డీ, 1993లో అంతరిక్షంలోకి వెళ్ళిన తొలి హిస్పానిక్ మహిళ, అక్కడ ఫ్లూట్ కూడా వాయించింది, తర్వాత హ్యూస్టన్‌లోని జాన్సన్ స్పేస్ సెంటర్‌కి డైరెక్టర్.

నన్ను బాగా పట్టుకున్నది మాత్రం సోనియా సోటోమయోర్. సుప్రీంకోర్టు జడ్జి అయింది 2009లో, అది అందరికీ తెలుసు. నేను చెప్పేది అంతకంటే చాలా ముందు సంగతి. న్యూయార్క్ బ్రాంక్స్‌లో పోర్టోరికో కుటుంబం, తొమ్మిదేళ్ళకే తండ్రి పోయాడు, చిన్నప్పటి నుంచే షుగర్. 1972లో ప్రిన్స్‌టన్‌లో చేరింది. అక్కడ థర్డ్ వరల్డ్ సెంటర్ అని ఒకటుండేది, నల్లజాతి, ఆసియా, లాటినో (లాటిన్ అమెరికా మూలాలున్న) పిల్లలందరూ చేరే చోటు, అంటే మా గ్రూపులాంటిదే. దాంట్లోనూ, పోర్టోరికో విద్యార్థుల సంఘంలోనూ ఆవిడ తిరిగేది. ఇంత పెద్ద యూనివర్సిటీలో లాటినో ప్రొఫెసర్ ఒక్కరూ లేరేంటని, 1974లో వాళ్ళ సంఘం మెక్సికన్ అమెరికన్ విద్యార్థులతో కలిసి ఏకంగా ఫెడరల్ ప్రభుత్వానికి ఫిర్యాదు పెట్టింది. సోనియా అప్పుడు సంఘానికి కో-ఛైర్, వయసు 19. కాలేజీ పేపర్లో లెటర్ కూడా రాసింది. పోర్టోరికో చరిత్ర మీద ఒక కోర్సు పెట్టించడంలోనూ ఆవిడ చెయ్యి ఉంది.

ఇది చదివాక మా మీటింగుల్లో మెనూ మీద జరిగే చర్చ తల్చుకుంటే నవ్వొచ్చింది. స్టూడెంట్ గ్రూపంటే సమోసాలు, టాకోలు, ఒక డాన్సు, గ్రూప్ ఫొటో. అవి వద్దనను, తమాలేలు లేకపోతే మొదట అలిగేది నేనే. కానీ అంతటితో ఆపేస్తే సోనియా ఫొటో గోడ మీద పెట్టి ప్రయోజనమేముంది? అందుకే ప్రోగ్రాం రోజు గుమ్మం దగ్గర ఒక టేబుల్ వేసి, లైబ్రరీ మూసేదాకా క్యాంపస్ బస్సు నడపాలని సంతకాలు తీసుకున్నాం.

అందరూ చకచకా పెట్టారు, మనవాళ్ళే జంకారు. "వీసా మీద ఉన్నాం, మనకెందుకు బ్రో" అని ఒకడు, "తర్వాత పెడతాలే" అని ఇంకొకడు. ఆ భయాన్ని నేను తీసిపారేయను, నా టెన్షన్ నాకూ ఉంది. కానీ అడిగేది బస్సేగా. రాత్రి పదకొండింటికి ల్యాప్‌టాప్ బ్యాగ్ తగిలించుకుని హైవే పక్కన నడిచొచ్చేది మనమే, కార్లున్నవాళ్ళు కాదు. ఆ కాగితం ఇంకా నా దగ్గరే ఉంది, శుక్రవారం దాకా తీసుకుంటాం.